చిన్నమ్మాళ్ ఎక్కిన సాక్షి

ఆ గాలివాన గురించి మా నల్లంపల్లి పక్కన ఎవురిని అడిగినా చెప్తారు. అడగకపోయినా చెప్తారు. టీ అంగడి కుప్పన్ అయితే గలాసు కడిగే లోపల మొత్తం చెప్పేస్తాడు. వాని కొట్టం మీది రేకు లేచి రోడ్డు దాటి లారీ మీద పడిందంట. ఒక్కొక్క వడగల్లు నిమ్మకాయంత పడిందంట. ఆరేండ్లలో ఆ నిమ్మకాయలు పెరిగి పెరిగి ఇప్పుడు టెంకాయలైనాయి. పోనీ, వాని రేకు, వాని నోరు, నాకేమి?

కానీ ఎవురు చెప్పినా చివరికి వచ్చి నిలబడేది ఒక్క మాట దగ్గరే. "ఆ పొద్దు చెరువులోకి నీళ్ళు వచ్చినప్పుడు ఒక మేకపిల్ల మట్టి సాక్షి ఎక్కి తెల్లారేదాకా నిలబడి బతికింది. పక్కనే ఉండిన చిన్నమ్మాళ్ దాన్ని వదిలిపెట్టి, పోయి పోయి కరిగిపోయే సాక్షి ఎక్కి సచ్చింది. మేకకుండే బుద్ధి మనిషికి లేకపోయె!" చెప్పి నవ్వేవాళ్ళు కూడా ఉండారు. ఇప్పుడు మా ఊళ్ళో ఎవురైనా తెలివితక్కువ పని చేస్తే, "ఏమిరా, చిన్నమ్మాళ్ మాదిరి సాక్షి ఎక్కినావా?" అంటారు. వాళ్ళ నోట్లో మన్ను పడ.

చిన్నమ్మాళ్ నా చెల్లెలు. దానికి బుద్ధి లేక సావలేదు. బుద్ధి ఉండబట్టే సచ్చింది. ఆ సంగతి పూర్తిగా తెలిసింది నాకొక్కదానికే. నా మొగునికి సగం తెలుసు. ఊరంతా నన్ను "పచ్చయమ్మాళ్ నోరు తెరిస్తే మైకు సెట్టు అక్కర్లేదు" అంటారు. ఆ నోరు ఈ ఒక్క సంగతికి ఆరేండ్లు తెరవలేదు.

మేము ఒడ్డోళ్ళం. ఏ కాలంలో, ఏ చెరువు తవ్వేదానికి మా తాతలు ఈ దిక్కుకు వచ్చినారో ఎవురికీ తెలీదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చేతికి తెలిసిన పని మట్టి. మట్టిపనిలో ఒక పద్ధతి ఉండాది, అది తెలీకుంటే నా చెల్లెలి సంగతి మీకు అర్థం కాదు, కాస్త ఓర్చుకొని వినండి. చెరువులో పూడిక తీసేటప్పుడు, గుంత లోతయ్యే కొద్దీ నడుమ నడుమ కొంచెం నేలను తవ్వకుండా స్తంభం మాదిరి వదిలిపెడతాము. దాని తలమీది పాత గడ్డి అట్లనే ఉండాల. దాన్ని సాక్షి అంటాము. ఎంత లోతు తవ్వినామో అది నిలబడి చెప్తాది. ఓవర్సీర్ వచ్చి టేపు పట్టి సాక్షి ఎత్తు కొలిచి, దాన్ని బట్టి కూలి రాస్తాడు.

మనిషి పుట్టినాక మోసం పుట్టకుండా ఉంటాదా? సాక్షి తలమీది గడ్డిని పారతో పెళ్ళ మాదిరి తీసి పక్కన పెట్టి, మూరెడు తడిమట్టి వేసి తొక్కి, ఆ గడ్డిని మళ్ళీ పైన కూర్చోబెడితే సాక్షి మూరెడు పెరుగుతాది. దీనికి మావాళ్ళు పెట్టిన పేరు కుళ్ళాయి. కుళ్ళాయి పెట్టేదాంట్లో నన్ను మించిన చెయ్యి ఈ తాలూకాలో లేదు. గడ్డి వేరు ఒక్కటి తెగదు. దీన్ని పాపమని మేమెప్పుడూ అనుకోలేదు. కొలిచేవాడు టేపు వంచుతాడు, మేము మట్టి పెంచుతాము, సరికి సరి.

ఒక్కటి మాత్రం ముట్టకూడదు. గుంతలో అన్నిటికంటే ముందు నిలబెట్టే సాక్షికి పసుపు పూసి, కుంకం పెట్టి, యాపమండ గుచ్చి, మునియప్పసామికి మొక్కి పని మొదలుపెడతాము. అది సామి సాక్షి. మిగతావి ఎన్ని అబద్ధాలైనా చెప్పనీ, సామి సాక్షి అబద్ధం చెప్పకూడదు. నేనూ చిన్నమ్మాళూ తట్ట మోసే వయసు నించి మా నాయన నోట విన్న మాట అది.

అది ఎనబై మూడు. మూడేండ్లు వరసగా వాన లేదు. చింతగింజలు వేయించి, ఉడకబెట్టి తిన్నాము. ఆకలి రుచి ఎరగదంటారు, ఎరగదు, నిజమే, కానీ కడుపునొప్పి ఎరుగుతాది. అప్పుడు మా పడమటి చెరువు పూడిక తీసే పని వచ్చింది, కూలికి బియ్యం. నలబై ఇండ్లవాళ్ళం దిగినాము. ఓవర్సీరుగా రాజమాణిక్కం అనే ఆయన వచ్చినాడు. సన్నటి మనిషి, కండ్లద్దాలు, మాట తక్కువ. మొదటి వారమే ఆయన ఏం చేసినాడనుకుంటారు? మిగతా సాక్షుల పక్కకే పోలేదు. నేరుగా పసుపు పూసినదాని దగ్గరికి పోయి టేపు పట్టినాడు. "దీన్ని మీవాళ్ళు ముట్టరని నాకు తెలుసులే" అని నవ్వినాడు. మావాడే ఎవుడో ఊది ఉంటాడు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని తెలీని సచ్చినోడు.

ఆ వారం బియ్యం తగ్గినాయి. రెండో వారమూ తగ్గినాయి. పక్క గుడిసె మాదమ్మ పచ్చి బాలింత, పాలు రాక బిడ్డకు గంజినీళ్ళు పోసేది. ఆ బిడ్డ ఏడుపు మా గోడలో నించి వినబడతా ఉండేది. మూడో వారం కొలతకు ముందు రోజు సాయంత్రం, అందరూ ఇంటిదారి పట్టినాక, నా మొగుడు మునియన్‌తో చెప్పినాను, "సామి సాక్షికి కుళ్ళాయి పెడతా ఉండాను" అని.

"ఒద్దే పచ్చయమ్మా. దాన్ని ముట్టద్దే. పిచ్చి పట్టిందా నీకు?"

"సామికి ఆకలి లేదు, మనకుంది. చెయ్యి వెయ్యకపోతే మానె, అడ్డం రావద్దు, పో."

ఆయన చెవులు మూసుకొని పోయినట్టు పోయినాడు. నేనొక్కదాన్నే చేసినాను. మూరెడు మట్టి వేసి, గడ్డి కూర్చోబెట్టి, కొత్తమట్టి కనపడకుండా చుట్టూ మళ్ళీ పసుపు పూసినాను. మిగతా సాక్షులకు ఆ వారం కుళ్ళాయి పెట్టనే లేదు. ఏమిటికి పెట్టాల, ఆయన వాటిని కొలవడు కదా? అవన్నీ గట్టి నేల, గడారి, అదే గునపం, వేస్తే నిప్పు రాలే నేల. అంటే ఆ పొద్దు మా గుంతలో అన్నీ నిజం సాక్షులే, సామి సాక్షి ఒక్కటి తప్ప.

మర్నాడు పొద్దున్నే చిన్నమ్మాళ్ వచ్చి దిగింది. చంకలో ఎనిమిది నెలల బిడ్డ, కణ్ణగి. మా చెల్లెల్ని పాపారపట్టిలో సేద్యం చేసే ఇంట్లో ఇచ్చినాము. "నిన్ను చూడాలనిపించిందక్కా, బస్సెక్కేసినా" అనింది. మా అమ్మ పోయినప్పుడు దానికి మూడేండ్లు, నాకు పదమూడు. దానికి తలదువ్వింది నేను, వీపు మీద రెండు పెట్టింది నేను, పెండ్లి చేసి పంపించి వారం రోజులు కూడు ముట్టకుండా ఏడ్చింది నేను. నాకు కడుపు పండలేదు, అది ఒక్కటే నా బిడ్డ అనుకోండి.

"కూర్చోవే, ఎండన పడి వచ్చినావు" అంటే కూర్చుంటాదా? బిడ్డను గట్టుమీద తుమ్మచెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో వేసేసింది. "నాకొక తట్ట ఇయ్యి. మట్టి మోసి రెండేండ్లాయె, చేతులు తీట పెడతా ఉండాయి" అని గుంతలోకి దిగింది. దిగుతానే సామి సాక్షి ముందర నిలబడి చెంపలు వేసుకుంది. నేను మొగం తిప్పుకున్నాను.

పన్నెండు గంటలకు ఓవర్సీర్ వచ్చి కొలిచినాడు. టేపు పట్టినాడు. సాక్షి తలమీద అరచెయ్యి పెట్టి కాసేపు అట్లే ఉంచినాడు. తర్వాత పుస్తకంలో రాసుకున్నాడు. గట్టెక్కినాం దేవుడా అనుకున్నాను.

మూడు గంటల పొద్దులో కొండ మీద నల్లగా కమ్ముకుంది. మూడేండ్లుగా మబ్బు చూడని కండ్లు కదా, మేమంతా పని ఆపి సంతోషంగా చూస్తా ఉండాము. కుప్పన్ చెప్పే గాలి అప్పుడు వచ్చింది. ఎర్రటి దుమ్ము లేచి పక్క మనిషి పక్క మనిషికి కనపడలేదు. తట్టలు దొర్లినాయి. అందరమూ గుంతలో నించి గట్టుకు పరిగెత్తినాము. ఓవర్సీర్ కూడా సైకిలు పడేసి మా నడుమకు వచ్చి నిలబడినాడు. కొంతసేపటికి ఆ గాలి టక్కున నిలిచిపోయింది. ఆకు కదల్లేదు. చినుకు లేదు. దూరంగా కొండమీద మాత్రం వాన తెర మాదిరి దిగతా ఉండాది.

అప్పుడు నేను తట్టలూ పారలూ లెక్క చూసి, "అయ్యో, నాయన గడారి కిందే ఉండిపోయెనే" అన్నాను. ఎవురినీ పొమ్మనలేదు. నా మాట నేనే అనుకున్నాను. చిన్నమ్మాళ్ బిడ్డను నా చేతుల్లో పెట్టేసింది. "నేను తెస్తానుండు" అని దిగి పరిగెత్తింది. దానికి మా నాయన అంటే అంత ఇది.

గడారి అందుకొని లేచేటప్పటికి కాలవలో నించి చప్పుడు వచ్చింది. కొండమీద పడిన నీళ్ళు. ఆ కాలవను వారం కిందనే మేమే ముండ్లు కొట్టి, మట్టి తీసి బాగుచేసి ఉండాము, అందుకే నీళ్ళు ఏడా నిలబడకుండా నేరుగా వచ్చినాయి. ఎర్రగా, కట్టెలూ కంపా తోసుకుంటా వచ్చి గుంతలో పడినాయి. చిన్నమ్మాళ్ ఎక్కిరావాల్సిన దారి ముందు తెగిపోయింది. చూస్తా ఉండగానే దాని మోకాళ్ళ దాకా వచ్చింది. గడారి పడేసి, దగ్గర ఉండిన సాక్షి మీద చెయ్యి వేసింది.

ఆ సాక్షి నిజం సాక్షి. గట్టి నేల.

కానీ చిన్నమ్మాళ్ ఒడ్డోళ్ళ బిడ్డ. మామూలు సాక్షికి కుళ్ళాయి ఉంటాదని దానికి తెలుసు. నీళ్ళు తగిలితే కుళ్ళాయి నిలబడదనీ తెలుసు. చెయ్యి వెనక్కి తీసుకుంది. తల తిప్పి పది అడుగుల దూరంలో పసుపుపచ్చగా నిలబడిన సామి సాక్షి వైపు చూసింది. అది ఏమనుకుందో నాకు గట్టుమీద నించి పుస్తకం చదివినట్టు తెలిసిపోయింది. నేను ఒక్క మాట అరవాల. "అది కాదే, చెయ్యి పెట్టిందే ఎక్కు!" అంతే.

నేను ఓవర్సీర్ మొగం చూసినాను.

ఆయన నా భుజం పక్కనే ఉండాడు. అరిస్తే ఆయనకు తెలిసిపోతాది. సామి సాక్షికే కుళ్ళాయి పెట్టినారంటే పని పీకేస్తారు, నలబై ఇండ్లవాళ్ళ నోటికాడి కూడు పోతాది, నన్ను తలా ఒక రాయి వేసి కొడతారు. నీళ్ళు మోకాలి దాకే కదా, ఇంకేం పెరుగుతాయిలే, మూడేండ్లు కరువు పడిన చెరువు నిండుతాదా, మునియన్ మోకు తెచ్చేదానికి పోయినాడు కదా. ఇన్ని అనుకున్నాను. అది పది అడుగులు నడిచే లోపల ఇన్ని అనుకున్నాను. నా నాలుక మీద పుండు పెట్ట.

అది సామి సాక్షి ఎక్కింది. పైన నిలబడి చీర కుచ్చిళ్ళు పిండుకుంది. నా వైపు తిరిగి చెయ్యి ఊపింది. "అక్కా, సామి సాక్షి ఎక్కినా! భయపడద్దు! పాపను జోకొట్టు!" అని అరిచింది. నవ్వుతా ఉండాది. దాని పండ్లు కనపడతా ఉండాయి.

అప్పుడు వచ్చింది అసలు గాలి. దాంతో రాళ్ళవాన. బిడ్డ తలకు తగలకుండా తట్ట బోర్లించి పట్టుకొని, అప్పుడు అరిచినాను నేను. "దిగవే! పక్కదానికి పోవే! అది కుళ్ళాయే!" ఓవర్సీర్ ఉంటే ఉండనీ, ఎవురైనా విననీ అని గొంతు చినిగేటట్టు అరిచినాను. నా పక్కనే ఉండిన ఓవర్సీర్‌కే నా మాట వినబడలేదు. చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు నా అరుపు.

నీళ్ళు మనిషి లోతుకు వచ్చినాయి. నేను వేసిన మట్టి తడిసింది. గడ్డిపెళ్ళ మాత్రం చెదరలేదు, నా చేతిపని కదా, వేరు ఒక్కటి తెగలేదు. నా చెల్లెల్ని మోసుకొని పెళ్ళకు పెళ్ళ పక్కకు జారింది. అది రెండు చేతులూ చాపింది. నా వైపే చాపింది. అంతే, మళ్ళీ కనపడలేదు. మునియన్ నడుముకు మోకు కట్టుకొని దూకి, రెండుసార్లు మునిగి, నెత్తి పగిలి, ఉత్త చేతులతో ఎక్కి వచ్చినాడు. తెల్లారి కలుజు దగ్గర, చెరువు నీళ్ళు బయటికి పోయే తావులో, కంపలో దొరికింది. జుట్టులో ముండ్లు. ఒక్కొక్కటీ నేనే తీసినాను. చిన్నప్పుడు పేలు తీసేటప్పుడు కదలకుండా కూర్చోమంటే కూర్చునేది కాదు, ఆ పొద్దు కదలకుండా పడుకునింది.

అది చెయ్యి వేసి వదిలేసిన సాక్షి మీద మేకపిల్ల నిలబడి అరుస్తా ఉండాది. ఊరంతా దాన్నే చూసినారు. సామి సాక్షికి కుళ్ళాయి పెట్టినానని ఎవురికి తెలుసు? అక్కడ నేలే మెత్తదిలే అనుకున్నారు. వాళ్ళ కండ్లకు కనపడింది ఏమంటే, గట్టి సాక్షిని వదిలి మెత్తదాన్ని ఎక్కిన ఒక ఆడది. "గాలిలో నా అరుపు దానికి వినబడలేదు" అని నేను అందరికీ చెప్పినాను. అందరూ నన్ను ఓదార్చినారు.

పదో రోజు ఓవర్సీర్ మా గుడిసె ముందరికి వచ్చినాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆయనకు వేరే ఊరికి మార్పు వచ్చిందంట. కండ్లద్దాలు తీసి తుడుచుకుంటా తమిళంలో చెప్పినాడు.

"అమ్మా, ఆ పొద్దు మధ్యాన్నం సాక్షి తలమీద చెయ్యి పెట్టినప్పుడే నాకు తెలిసింది. కింద చల్లగా, తడిగా ఉండింది. కరువు కాలం, తిననీలే పాపం అని టేపు చూపించిన ఎత్తే రాసేసినాను. అప్పుడే పడగొట్టించి ఉంటే నీ చెల్లెలు బతికి ఉండేది. నాకు నిద్ర పట్టడం లేదు. నన్ను క్షమించు."

ఆయనకు తెలుసంట. ఎవురి మొగం చూసి నేను నోరు మూసుకున్నానో, ఆ మనిషికి మూడు గంటల ముందే తెలుసంట. తెలిసి, మా ఆకలి చూసి వదిలేసినాడంట. నాకు నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో ఇప్పటికీ తెలీదు. ఆయన తప్పు ఏమీ లేదు. ఆ మాటైనా చెప్పి పంపించి ఉండొచ్చు కదా? చెప్పలేదు. చెప్పాలంటే మిగతాది కూడా చెప్పాల. ఆయన తప్పును ఆయన నెత్తిమీదే పెట్టి పంపించేసినాను.

చిన్నమ్మాళ్ మొగుడు ఏడాది తిరక్కుండానే ఇంకొకదాన్ని కట్టుకున్నాడు. కణ్ణగి నా దగ్గర మిగిలింది. అచ్చం తల్లే. పిండుకున్న చీర మాదిరి మెలిక తిరిగి పండుకుంటాది, కూర్చోమంటే కూర్చోదు. ఇప్పుడు రెండో క్లాసు. పోయిన వారం పళ్ళికూడం నించి వచ్చి సంచి కూడా దించకుండా గడపలో నిలబడింది. ఎవుడో పిల్లోడు దేనికో కొట్లాడి, మేక మాట అన్నాడంట. క్లాసంతా నవ్వినారంట.

"పెద్దమ్మా, మా అమ్మకు మేకకుండే బుద్ధి కూడా లేదా?" అని అడిగింది.

నేను లేచి పోయి వాళ్ళమ్మను, వాళ్ళబ్బను ఏకి పెడదామని కొంగు దోపినాను. అట్ల ఎన్నిసార్లు ఏకి పెట్టినానో. ఈసారి గడపలో దాన్ని దాటి పోలేదు. ఆ బిడ్డ కండ్లలో నీళ్ళు లేవు, సిగ్గు ఉండాది. తల్లి గురించి సిగ్గు. అది చూసి ఇంక నా వల్ల కాలేదు.

దాన్ని దగ్గర కూర్చోబెట్టుకొని మొత్తం చెప్పినాను. సాక్షి అంటే ఏమో, కుళ్ళాయి అంటే ఏమో, సామి సాక్షిని ఏమిటికి ముట్టకూడదో. మీ అమ్మ గట్టిదాని మీద చెయ్యి వేసి ఏమిటికి తీసేసిందో. మీ అమ్మకు అన్నీ తెలుసు తల్లీ, తప్పు చేసింది నేను అని చెప్పినాను. ఓవర్సీర్ మొగం చూసిన సంగతి కూడా దాచలేదు. చెప్పేటప్పుడు అది నా మొగం వదిలి పక్కకు చూడలేదు. ఏడేండ్ల బిడ్డకు ఎంత అర్థమయిందో అనుకున్నాను. మొత్తం అర్థమయింది.

"అమ్మ అప్పుడు నిన్నే చూస్తా ఉండిందా?"

"నన్నే చూస్తా ఉండింది."

కాసేపు కాలివేలితో నేల గీకింది. తర్వాత అడిగింది, "నువ్వు అప్పుడే అరిచింటే, అమ్మకు వినబడేదా?"

ఆరేండ్లుగా ఊరందరికీ చెప్పిన గాలి నా నోటి దాకా వచ్చింది.

"వినబడేది తల్లీ" అన్నాను. "అప్పుడు గాలి లేదు."